గాజుతొట్టిలో చేపకు జబ్బు చేస్తే – కొంత చరిత్ర, కొంత స్వానుభవం

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్యాసం రాయమని మన సంఘం కార్యదర్శిగారు నన్ను కోరారు. వేతన సవరణ గురించీ, కరువు భత్యం బకాయిల గురించీ సాధికారంగా రాయగల మిత్రులు మనలో చాలామంది ఉన్నారు. అందుచేత నేను ఎవరూ రాయరని నమ్మకంగా తోచిన విషయం ఎన్నుకున్నాను. పెంపుడు చేపకు జబ్బు చేస్తే గుర్తించడం ఎలా, వైద్యం ఎలా, ఆ విద్య మనిషికి ఎలా అబ్బింది అన్నదే ఈ వ్యాసం.

ఏటా మృగశిర కార్తెనాడు మన హైదరాబాదులో ఉబ్బసం ఉన్నవారు చేపమందు కోసం బారులు తీరడం అందరూ ఎరిగినదే. అక్కడ చేప మనిషికి మందు. నా కథలో మనిషే చేపకు మందు వేయవలసి వచ్చింది. వేసి చెడగొట్టాను కూడా. ఆ చెడగొట్టడం వల్లనే ఈ చరిత్ర చదివే అవసరం కలిగింది.

మా ఇంటి సంగతి

నేను ముప్పై ఏళ్లకు పైగా గుమాస్తాగిరీ చేసి 2007లో పదవీ విరమణ చేశాను. 2014లో మా ఆవిడ ముచ్చటపడి ఒక గాజుతొట్టి, అందులో అయిదు బంగారు చేపలు కొనిపించింది. మేత వేయడం, నీళ్లు మార్చడం అంతా ఆవిడే. రోజూ ఉదయం కాఫీ గ్లాసుతో ఆ తొట్టి ముందు పది నిమిషాలు నిలబడేది. నేను పత్రిక చదువుకుంటూ, "ఏమి చూస్తావే రోజూ అవే చేపలను" అనేవాడిని. 2019లో ఆవిడ కాలం చేసింది. చేపలు మిగిలాయి.

2020 సంక్రాంతికి మనవరాలు వచ్చింది. పిల్ల సరదాపడిందని బజారునుంచి మరి రెండు చేపలు తెచ్చి తిన్నగా తొట్టిలో వదిలాను. అయిదారు రోజులకు చేపల ఒంటిమీద, రెక్కలమీద ఉప్పు చల్లినట్లు తెల్లని చుక్కలు కనబడ్డాయి. చేపలు గులకరాళ్లకు ఒళ్లు రుద్దుకుంటున్నాయి. తొట్టి మురికిపడిందనుకుని నీళ్లన్నీ పారబోసి, గాజును, రాళ్లను, వడపోత స్పాంజిని సబ్బుపెట్టి తోమి, కుళాయి నీళ్లు నింపాను. తెల్లవారేసరికి మూడు చేపలు వెల్లకిలా తేలాయి. కంగారుపడి, ఇంట్లో మిగిలి ఉన్న టెట్రాసైక్లిన్ గొట్టం విప్పి పొడి నీళ్లలో కలిపాను. మర్నాడు మరో రెండు పోయాయి. మిగిలినవి రెండు. రెండూ ఆవిడ తెచ్చినవే.

మనవరాలు ఏడవలేదు. "నానమ్మ ఉంటే ముందే చూసేది తాతయ్యా" అంది. ఆ మాట నన్ను చాలా రోజులు వదలలేదు.

మత్స్యశాఖలో పనిచేసి విరమించిన మన సభ్యులొకరు మా వీధిలోనే ఉంటారు. ఆయన దగ్గరకు పరుగెత్తాను. ఆయన మందు పేరు చెప్పలేదు. "గురువుగారూ, మీరు వైద్యం చేసింది చేపకా, నీటికా?" అని అడిగారు. నాకు అర్థం కాలేదు. ఆయన ఇచ్చిన పుస్తకాలు, తరువాత నేను వెతికి చదివినవి కలిపి, నాకు అర్థమైనంత మేరకు ఇక్కడ విన్నవిస్తున్నాను.

చీనావారు చెప్పిన పేను

బంగారు చేప పుట్టిల్లు చీనా దేశం. మామూలు బూడిదరంగు చేపలలో అరుదుగా పుట్టే ఎర్రని, పసుపుపచ్చని పిల్లలను ఏరి, చెరువులలో విడిగా పెంచడం సుంగ్ వంశపు రాజుల కాలానికే అక్కడ వేడుకగా ఉండేది. మింగ్ వంశం నాటికి ఆ చేపలు చెరువుల నుంచి ఇళ్లలోని కుండలలోకి, తొట్లలోకి వచ్చాయి. 1596లో ఝాంగ్ చియాండె అనే ఆయన వీటిమీద ప్రత్యేకంగా ఒక గ్రంథమే రాశాడు.

సు డాంగ్‌పో అనే 11వ శతాబ్దపు మహాకవి పేరుమీద చెలామణిలో ఉన్న ఒక చిన్న పుస్తకం ఉంది. చేప చిక్కిపోయి ఒంటిమీద తెల్లచుక్కలు వస్తే దానిని పేను అంటారనీ, ఫెంగ్ అనే చెట్టు బెరడు నీటిలో వేస్తే తగ్గుతుందనీ అందులో ఉంది. సూక్ష్మదర్శిని లేని రోజులలో, కంటితో చూసి ఇది పురుగు పనే అని గ్రహించినవారి చూపును మెచ్చుకోవాలి. బెరడు పనిచేసిందో లేదో గాని, రోగనిర్ధారణ సరైనదే. నేను మురికి అనుకున్నదానిని వారు వందల ఏళ్లనాడే పేను అన్నారు.

మన దేశంలోనూ చేపలను శ్రద్ధగా పరిశీలించినవారు లేకపోలేదు. కల్యాణి చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో రచించిన మానసోల్లాసంలో మత్స్యవినోదం అనే భాగం ఉంది. చేపల రకాలు, అవి ఉండే తావులు, వాటికి వేసే ఎరలు అందులో వివరించాడు. అయితే అది గాలం వేసేవారి శాస్త్రం, చేపకు వైద్యం చేసేవారిది కాదు.

గాజుతొట్టి పుట్టుక

బంగారు చేపలు ఐరోపాకు చేరిన తరువాత, గుండ్రని గాజుపాత్రలలో ఉంచడం అక్కడి సంపన్నుల ఇళ్లలో పరిపాటి అయింది. మూతి ఇరుకైన పాత్రలో నీటికి గాలి తగలదు. చేప పైకి వచ్చి నోరు తెరిచి ఆయాసపడేది. నీళ్లు తరచుగా మార్చడం తప్ప ఉపాయం లేదు.

ఈ చిక్కు విప్పినవాడు లండనులో మందుల తయారీ సంస్థలో పనిచేసిన రసాయన శాస్త్రజ్ఞుడు రాబర్ట్ వారింగ్టన్. 1849లో ఆయన పన్నెండు గ్యాలన్ల గాజుపాత్రలో రెండు చిన్న బంగారు చేపలను, ఒక నీటిమొక్కను ఉంచాడు. మొక్క వెలుతురులో ప్రాణవాయువు ఇస్తుంది, చేప వదిలే బొగ్గుపులుసు వాయువును మొక్క పీల్చుకుంటుంది. లెక్క సరిపోయింది. కొన్నాళ్లకు మొక్క ఆకులు కుళ్లి, నీరు జిగటపట్టి చెడిపోసాగింది. వారింగ్టన్ మందు వేయలేదు. కుళ్లిన ఆకులు తినే నీటినత్తలను తెచ్చి వదిలాడు. నీరు తేటపడింది, చేపలు బతికాయి. ఈ ప్రయోగాన్ని 1850లో ప్రకటించాడు.

నాకు ఈ సంఘటన చదివినప్పుడు మా మిత్రుడి ప్రశ్న అర్థమైంది. వారింగ్టన్ చూసుకున్నది నీటిని. ఆ నీరు బాగుపడితే చేపలు వాటంతట అవే కోలుకున్నాయి.

1853లో లండను జంతుప్రదర్శనశాలలో ప్రజలకోసం చేపల గృహం తెరిచారు. ఫిలిప్ హెన్రీ గాస్ 1854లో ‘ది అక్వేరియం’ అనే పుస్తకం రాసిన తరువాత ఆ పేరే లోకంలో స్థిరపడింది. ఇంగ్లండులో ఇంటింటా గాజుతొట్లు వెలిశాయి. చేపలు ఒకచోట కిక్కిరిసినకొద్దీ రోగాలు కూడా పెరిగాయి. చెరువులో అయితే ఆ పరాన్నజీవి పిల్లలలో ఎక్కువభాగం చేప దొరకక చచ్చిపోతాయి. తొట్టిలో ఎటు వెళ్లినా చేపే ఎదురవుతుంది.

1876 – రోగమూ మందూ ఒకే ఏడాది

తెల్లచుక్క రోగాన్ని శాస్త్రీయంగా పట్టుకున్నది ఐరోపావారే. 1869లో హిల్గెన్‌డార్ఫ్, పాలికీ అనే జర్మన్లు ఇద్దరు మంచినీటి చేపల చర్మంలో ఉన్న ఒక ఏకకణ జీవిని వర్ణించారు. 1876లో ఫుకే అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దానికి ఇక్తియోఫ్తీరియస్ మల్టిఫిలీస్ అని పేరు పెట్టాడు. గ్రీకు, లాటిన్ మాటలను విప్పి చెప్పుకుంటే ‘సంతానం మెండుగా గల చేపపేను’ అని అర్థం. చీనావారు ఎప్పుడో పేను అన్నారు, ఈయనా పేనే అన్నాడు!

పేరులోని రెండవ సగంలోనే రోగరహస్యం ఉంది. చుక్కగా కనబడే జీవి చేప చర్మం పైపొర కింద దాగి ఉంటుంది. అక్కడ ఉన్నంతకాలం ఏ మందూ దానిని తాకదు. బాగా పెరిగాక చేపను విడిచి తొట్టి అడుగుకు జారి, చుట్టూ పొర కట్టుకుంటుంది. ఆ పొరలోపల ఒకటి రెండై, రెండు నాలుగై, వందలకొద్దీ, ఒక్కొక్కప్పుడు వెయ్యికి పైగా పిల్లలవుతుంది. అవి బయటపడి ఈదుతూ ఒకటి రెండు రోజులలో చేపను పట్టుకోవాలి, లేకపోతే చస్తాయి. మందు పనిచేసేది ఆ ఈదే పిల్లలమీద మాత్రమే.

అందుకే, చుక్కలు రాలిపోగానే రోగం తగ్గిందనుకోవడం పెద్ద పొరపాటు. అప్పుడే అది అడుగున పిల్లలను పెడుతోంది. నీరు 25 డిగ్రీల వేడిమిలో ఉంటే ఈ చక్రమంతా సుమారు వారంలోపే తిరుగుతుంది. చలినీటిలో వారాలు పడుతుంది. నీరు కొంచెం వెచ్చగా ఉంచితే చక్రం త్వరగా తిరిగి, మందుకు త్వరగా దొరుకుతుంది.

ఇంకొక విశేషం. ఫుకే పేరుపెట్టిన ఆ 1876లోనే జర్మనీలో హైన్‌రిక్ కారో అనే రసాయన శాస్త్రజ్ఞుడు బట్టలకు వేసే మిథిలీన్ బ్లూ అనే నీలిరంగును తయారుచేశాడు. 1891లో పాల్ ఎర్లిక్, గుట్‌మన్ అదే రంగును మలేరియా రోగులకు ఇచ్చి గుణం చూశారు. తరువాతి కాలంలో ఆ నీలిరంగే చేపల తొట్టిలోకి వచ్చింది. ఈనాటికీ చేపల దుకాణంలో అమ్మే నీలిమందు చాలావరకు ఇదే. 1877లో తయారైన మరొక అద్దకపు రంగు మాలకైట్ గ్రీన్. 1930లలో అమెరికాలో దానిని చేపల బూజురోగానికి వాడసాగారు. అయితే తినే చేపలకు ఇది కూడదని తరువాత అనేక దేశాలు నిషేధించాయి. ఇంట్లో అందానికి పెంచే చేపకు వాడినా, చేతికి అంటకుండా జాగ్రత్తపడాలి.

చేపలవైద్యాన్ని ఒక శాస్త్రంగా నిలబెట్టినవాడు మ్యూనిక్ నగరపు బ్రూనో హోఫర్. 1904లో ఆయన చేపల రోగాలపై సమగ్ర గ్రంథం ప్రకటించాడు. ఆయన వెంట పనిచేసిన మరియానె ప్లేన్ అనే విదుషీమణి 1924లో మరొక గ్రంథం రాసింది. స్త్రీలను పరిశోధనశాలలలోకి రానివ్వడమే అరుదైన రోజులవి.

కంటికి కనబడని పనివారు

ఇక నా సబ్బు ఎంత పాపం చేసిందో చెబుతాను. చేప తన మొప్పల ద్వారా అమ్మోనియాను నీటిలోకి విడుస్తుంది. అది దానికే విషం. 1877లో ష్లోసింగ్, మ్యూంట్జ్ అనే ఫ్రెంచివారు మురుగునీటిని ఇసుకలో వడపోస్తూ, అమ్మోనియా నైట్రేటుగా మారడం సూక్ష్మజీవుల పని అని నిరూపించారు. 1890 ప్రాంతంలో వినోగ్రాడ్‌స్కీ ఆ జీవులను వేరుచేసి చూపాడు. ఒక రకం అమ్మోనియాను నైట్రైటుగా మారుస్తుంది. అదీ విషమే. మరొక రకం దానిని అంతగా హాని చేయని నైట్రేటుగా మారుస్తుంది.

ఈ పనివారు కొత్త తొట్టిలో కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. రాళ్లమీద, వడపోత స్పాంజిలో కాపురం ఉంటారు. మా ఆవిడ అయిదేళ్లుగా పోషించిన ఆ సిబ్బంది మొత్తాన్ని నేను ఒక్క పూటలో, నోటీసు కూడా ఇవ్వకుండా, సబ్బునీళ్లతో డిస్మిస్ చేశాను. పైగా క్లోరిన్ ఉన్న కుళాయి నీళ్లు పోశాను. క్లోరిన్ మొప్పలను కాల్చివేస్తుంది.

1908 సెప్టెంబరులో మూసీ వరద మన నగరాన్ని ముంచింది. ఆ విషాదం తరువాతనే ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. అదే 1908లో అమెరికాలోని జెర్సీ సిటీ తాగునీటిలో నిరంతరంగా క్లోరిన్ కలపడం మొదలుపెట్టి, లోకానికి దారి చూపింది. మనిషిని కలరా నుంచి, విషజ్వరం నుంచి కాపాడిన ఆ క్లోరినే చేపకు గండం. విరుగుడు సులభం. నీళ్లు వెడల్పైన తొట్టెలో ఒక రోజు నిలవ ఉంచితే క్లోరిన్ పోతుంది. లేదా హైపో వేయాలి. పూర్వం ఫోటో స్టూడియోలలో ఫిల్ములు కడిగే ఆ హైపో ఉప్పునే ఇప్పుడు చేపల దుకాణాలలో యాంటీ క్లోరిన్ పేరుతో అమ్ముతున్నారు.

టెట్రాసైక్లిన్ సంగతి కూడా చెప్పాలి. తెల్లచుక్క పరాన్నజీవిపై అది పనిచేయదు. మన బోరునీటివంటి గట్టినీటిలో సున్నపు అంశంతో కలిసిపోయి బాక్టీరియాపై కూడా సరిగా పనిచేయదు. అంటే రోగం ఒకటి, మందు ఒకటి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాను, అవి కూడా తప్పు ఆకులే.

మన దేశంలో

చేపలను గాజుగదిలో ప్రజలకు చూపిన తొలి ప్రదర్శనశాల మన దేశంలో 1909లో మద్రాసు మెరీనా తీరాన తెరిచారు. అప్పటి మద్రాసు రాజధానిలో కోస్తా, రాయలసీమ జిల్లాలు ఉన్నవే. బొంబాయిలో తారాపోర్‌వాలా ప్రదర్శనశాల 1951లో ఆరంభమైంది.

చేపల రోగమంటే ఏమిటో మన రైతులకు తెలిసింది 1988 తరువాత. ఒంటిమీద ఎర్రని పుండ్లు పడి చేపలు చచ్చే వ్యాధి ఆ ఏడు ఈశాన్య రాష్ట్రాలలో కనబడి, తరువాత కొద్ది ఏళ్లలో దేశమంతా వ్యాపించింది. దానికి మూలం అఫనోమైసిస్ అనే బూజు జాతి జీవి అని తేలింది. చెరువులలో సున్నం చల్లి నీటిని బాగుచేయడమే రైతులకు ముఖ్య ఆధారమైంది. భువనేశ్వర్‌లోని కేంద్ర మంచినీటి చేపల పెంపక సంస్థ సైఫాక్స్ అనే మందును రూపొందించింది. ఇక్కడ కూడా ముందు నీరు, తరువాతే మందు.

మా రిజిస్టరు

మా మిత్రుని సలహాపై మిగిలిన రెండు చేపలను ప్లాస్టిక్ టబ్బులోకి మార్చాను. లీటరుకు రెండు గ్రాముల చొప్పున కల్లుప్పును రెండు రోజులలో కొంచెం కొంచెంగా కలిపాను. చిన్న హీటరుతో నీటిని నిదానంగా 28 డిగ్రీలకు తెచ్చాను. వెచ్చని నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది గనుక గాలిపంపు ఆపకుండా నడిపాను. రోజూ అడుగున చేరిన మడ్డిని సన్నని గొట్టంతో లాగేసి, మూడోవంతు నీటిని అదే వేడిమి, అదే ఉప్పు ఉన్న నీటితో మార్చాను. పెద్ద తొట్టిని చేపలు లేకుండా వదిలేశాను. అందులో ఈదే పిల్లలకు చేప దొరకక వాటంతట అవే నశిస్తాయి. మా మిత్రుడు ఆరోగ్యంగా ఉన్న తన తొట్టిలోని పాత స్పాంజిలో సగం కోసి ఇచ్చారు. కొత్త సిబ్బందిని డెప్యుటేషన్‌పై పంపినట్లే!

ఒక పాత రిజిస్టరు తీసి గళ్లు గీశాను. తేదీ, నీటి వేడిమి, చుక్కల సంఖ్య, మేత తిన్నదా, రిమార్కులు. చుక్కల లెక్క పట్టడం మనవరాలి డ్యూటీ. ఊరికి వెళ్లాక కూడా రోజూ సాయంత్రం ఫోనుచేసి అంకె అడిగేది.

మూడవ రోజున ఒక చేప పోయింది. రిమార్కుల గడిలో ఆ ముక్క రాయడానికి చేయి రాలేదు. రెండవదానికి అయిదవ రోజున చుక్కలు తగ్గాయి, ఎనిమిదవ రోజున ఒక్కటీ లేదు. అయినా పద్నాలుగు రోజులూ వైద్యం ఆపలేదు. తరువాత అది తొట్టికి తిరిగి వచ్చింది. ఆవిడ దానిని ‘బంగారి’ అని పిలిచేది. బంగారి 2023 వరకు ఉంది.

గుర్తుంచుకోవలసినవి

చేపలున్న ఇళ్లవారికి నా మనవి ఇది. చేపలన్నీ పైకి వచ్చి నోరు తెరుస్తుంటే ముందు అనుమానించవలసింది నీటిని. అమ్మోనియాను, నైట్రైటును పరీక్షించే చిన్న కిట్లు దుకాణంలో దొరుకుతాయి. ఉప్పు చల్లినట్లు చుక్కలుంటే పైన చెప్పిన పేను. దూదిపింజలా ఉంటే బూజు. రెక్కల అంచులు చీలికలై కరుగుతుంటే బాక్టీరియా, దానికి కూడా తరచు మురికినీరే మూలం. బంగారు చేప తలకిందులుగా తేలుతుంటే ఒకటి రెండు రోజులు మేత ఆపి, తరువాత నానబెట్టిన మేత వేసి చూడాలి. పొట్ట ఉబ్బి, పొలుసులు నిక్కబొడుచుకుంటే లోపలి అవయవాలు దెబ్బతిన్నాయని అర్థం, ఆశ తక్కువ.

కొత్త చేపను కనీసం రెండు మూడు వారాలు విడి తొట్టిలో ఉంచి చూడాలి. నీరు ఒకేసారి మొత్తం మార్చకూడదు. స్పాంజిని తొట్టిలోంచి తీసిన నీటిలోనే పిండాలి, సబ్బు ముట్టించకూడదు. మన మందుల పెట్టె చేపకు పనికిరాదు.

అన్నిటికంటే ముఖ్యమైనది రోజూ చూడడం. మా ఆవిడ ఉదయం పది నిమిషాలు చూసిన చూపే సగం రోగనిర్ధారణ అని నాకు ఆలస్యంగా తెలిసింది. ఏ చేప చురుకుగా ఉంది, ఏది మూల నక్కింది అని ఆవిడకు రాయకుండానే తెలిసేది. నాకు రాస్తే గాని తెలియదు, గుమాస్తా బుద్ధి. అందుకే ఇప్పటికీ రిజిస్టరు నడుస్తోంది. తొట్టిలో ప్రస్తుతం మూడు చేపలున్నాయి. కాఫీ గ్లాసుతో అక్కడ నిలబడడం నా వంతు అయింది.

సభ్యులలో ఎవరి ఇంట్లోనైనా చేపకు ఒంట్లో బాగాలేకపోతే, నీళ్లు పారబోసే ముందు ఒక్కసారి నాకు కబురు చేయవలసిందిగా కోరుతున్నాను.